రెండు కాపీల కాపురం

"ఇంకో కాపీ పెడుతున్నాను, ఓ గంట నన్నెవరూ కదిలించకండి!" అని చుక్కలాయన కంప్యూటర్ ముందుకి కుర్చీ లాక్కుంటూ కేకేశాడు. పక్క గదిలో కాగితం మీద చుక్కలు గుద్దే మిషన్ పక్కన చెవుల్లో దూది పెట్టుకుని నిలబడ్డ గుద్దులమ్మ దాకా ఆ కేక గోడ దాటి, దూది దాటి చేరేసరికి కాపీ కాస్తా కాఫీ అయింది. "ఆయన కాఫీ పెడుతున్నాట్ట, ఎవరెవరికి కావాలి?" అని ఆవిడ తన మిషన్‌కి సరిజోడైన గొంతుతో చాటింపు వేసింది. "నాకు చక్కెర లేకుండా," అని ఆఫీసు గదిలోంచి బావగారు. "ఆయన పెట్టేదైతే నాకు చక్కెరొక్కటే చాలు, కాఫీ వద్దు," అని ప్రూఫుల గదిలోంచి చుక్కలాయన భార్య. నిమిషంలో గుద్దులమ్మ కప్పుతోనూ, బావగారు ఆశతోనూ కంప్యూటర్ గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏదయ్యా?"

"ఏది?"

"కాఫీ."

"కాఫీ కాదు బావగారూ, కాపీ. యూనిక్స్ పనిముట్ల కాపీ. రెండోది."

గుద్దులమ్మ ఒక చెవిలో దూది తీసి, "అయితే అది తాగేది కాదా?" అంది.

"దాన్ని మనం తాగం, అదే మనల్ని మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది," అని బావగారు మొహం మార్చేశాడు. "చూడు బావా, గంట. గంటలో నీ పాతదీ కొత్తదీ ఆ ఒక్క పెట్టెలో సర్దుకున్నాయా, సంతోషం. సర్దుకోలేదా, పాతది పీకేసి కొత్తదొక్కటే ఉంచుతాం. కొత్త మిషన్‌తో వచ్చిన రెడీమేడ్ నియమాలతోనే పుస్తకం గుద్దించేస్తాను. బళ్ళో పిల్లలు పుస్తకం లేకుండా కూర్చున్నారక్కడ." రెడీమేడ్ నియమాలు అన్నచోట బావగారు గొంతు తగ్గించాడు, ఎందుకంటే ప్రూఫుల గదిలో ఉన్నది ఆయన చెల్లెలు, ఇన్నాళ్ళూ నడిచిన నియమాలు ఆవిడవి, ఆ గొంతు తగ్గింపు ఎంత దండగో ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు, ఆ చెవులకి అల్మరాలో చెదపురుగు నమలడం కూడా వినబడుతుంది, అయినా తగ్గించాడు, మర్యాద కొద్దీ తగ్గించాడు.

అందరూ వెళ్ళిపోయాక గదిలో మిగిలింది చుక్కలాయన, కంప్యూటర్, ఒక గంట. చుక్కలాయన అంటే చుక్క వేసుకునే ఆయన అని మొదట్లో చుట్టాలు అపార్థం చేసుకున్నారు గానీ ఆయన చుక్కలు కాగితం మీదివి, దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా లేచే చుక్కలు, ఆరు చుక్కల గడిలో ఏవి లేచాయి ఏవి పడుకున్నాయి అన్నదాన్ని బట్టి అక్షరం. కళ్ళతో కాక వేళ్ళతో చదివే పుస్తకాలు అచ్చువేసే చోటు ఇది, లోకమంతా పగలే చుక్కలు చూపిస్తానని బెదిరిస్తే ఇక్కడ పగలంతా కూర్చుని చుక్కలే చూపిస్తారు, కాదు, చూపించరు, తాకిస్తారు, ధరలు చుక్కలనంటాయని పేపర్లో రాస్తే తన భార్య "నేను రోజూ అంటుకుంటున్నాను, అంత ఎత్తులో ఏం లేవు" అంటుంది. మామూలు అక్షరాలు టైపు చేసేది తను, వాటిని చుక్కలుగా మార్చేవి తను రాసిన చిన్న చిన్న ఆజ్ఞల దండలు, ఆ దండల్లో పూసలు ఈ యూనిక్స్ పనిముట్లు. వేరే జాతి కంప్యూటర్లలో పుట్టిన పనిముట్లు ఇవి, ఈ బల్లమీది పెట్టెలో బతకడానికి ఎవరో మహానుభావులు వీటికో అద్దె ఇల్లు కట్టిపెట్టారు, ఆ ఇంటిని పెట్టెలోకి దింపుకోవడమే ఇన్‌స్టాల్ చెయ్యడం అంటే. పాత ఇల్లు ఎప్పట్నుంచో ఉంది, ఏ అక్షరానికి ఏ చుక్కలో భార్య చెప్పిన నియమాలన్నీ అందులోనే కాపురం ఉన్నాయి. కొత్త మిషన్ కాగితానికి రెండు వైపులా గుద్దుతుంది, బంగారంలాంటి మిషన్, కానీ దాన్ని నడిపే ప్రోగ్రాంకి కొత్త ఇల్లే కావాలి, పాత ఇంటి గడప తొక్కదు. పాతది ఉంటే మిషన్ నడవదు, పాతది పోతే నియమాలు నడవవు, కాబట్టి రెండూ ఉండాలి, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు గానీ రెండో ఒర కొనుక్కోవద్దని ఎవరూ అనలేదు కదా.

తెర మీద నీలం కిటికీ తెరుచుకుంది, నెక్స్ట్ అనమంది, అన్నాడు, మళ్ళీ నెక్స్ట్ అంది, వేలు దానంతటదే నొక్కబోయి ఆగింది, ఎందుకంటే ఇక్కడే ఉంది కొంప ముంచే ప్రశ్న, ఏ ఫోల్డరులో పెట్టమంటావు అని, జవాబు కూడా అదే రాసి పెట్టేసింది, పాత ఇంటి అడ్రసే, వినయంగా, పెళ్ళికొడుకు పీట మీద తానే కూర్చుని మీరు ఊ అంటే చాలన్నట్టు. ఊ అంటే కొత్తది వెళ్ళి పాతదాని నెత్తిన కూర్చుంటుంది. "నెక్స్ట్ నెక్స్ట్ అని గుడ్డిగా నొక్కేవాళ్ళంతా ఇక్కడే బోల్తా పడతారు," అని పొద్దున కాఫీ దగ్గర తను గొప్పలు పోతే, భార్య రొట్టె తుంచుతూ, "గుడ్డిగా నొక్కకండి అని చెప్పకండి, గుడ్డిగా నొక్కితే ప్రమాదం లేదు, మేము ఏది నొక్కినా ముందు తడిమి చూసుకుంటాం, చూపున్నవాళ్ళ నొక్కుడుతోనే వచ్చింది చిక్కంతా," అంది, రొట్టె ముక్క సరిగ్గా తన పళ్ళెంలోనే వేసింది, నవ్వలేక మింగలేక తనకి పొలమారింది. తడిమి చూసుకుని, పాత అడ్రసు చెరిపి, కొత్త పేరు పెట్టాడు. ఏం పేరు పెట్టాలి, కొత్తిల్లు అని పెట్టాడు, ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఖాళీ లేకుండా, ఈ పనిముట్లకి పేరు మధ్యలో ఖాళీ ఉంటే దడుపు జ్వరం వస్తుంది. డౌన్‌లోడ్ చేసిన మూటలు ఉంచే చోటు కూడా వేరుగా పెట్టాడు, ఆ మూటలూ ఈ మూటలూ కలవకుండా, పొయ్యి వేరు, గిన్నెలు వేరు, చీపురు కూడా వేరు. నెక్స్ట్. పట్టీ మొదలైంది, ఆకుపచ్చ పట్టీ, గొంగళిపురుగులా.

గొంగళిపురుగు నడుస్తుంటే చూడ్డం తప్ప పని లేదు, పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు మనసు ఎటెటో గొరుగుతుంది. పిల్లి అంటే గుర్తొచ్చింది, ఈ పనిముట్లలో ఒకదాని పేరు క్యాట్, అది పిల్లి కాదు, ఫైలు మొత్తాన్ని మూతితో కరిచి తెచ్చి తెరమీద పడేస్తుంది, అంతవరకూ పిల్లి లక్షణమే, హెడ్ అంటే తల చూపిస్తుంది, టెయిల్ అంటే తోక చూపిస్తుంది, గ్రెప్ అన్నది గడ్డివాములో సూది వెతుకుతుంది, సార్ట్ అన్నది వరసలు పెడుతుంది, మన పెద్దమ్మలు పెళ్ళిళ్ళలో వరసలు కలిపినట్టు ఎవరి తర్వాత ఎవరో తేలుస్తుంది. ఒక్కొక్కటి ఒక్క పనే చేస్తుంది, కానీ ఎంత బాగా చేస్తుంది, ఒకటి చేసింది ఇంకోటి అందుకుంటుంది, ఇటుకలు మోసేవాళ్ళు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నట్టు, చేసి చెప్పుకోదు, బాగా చేస్తే ఒక్క మాటైనా అనదు, పని అయిపోయిందంటే మౌనమే దాని రసీదు. తనకి ఈ మౌనం ఎంత ఇష్టమో. తను మాత్రం గంటకో శ్లేష వెయ్యకపోతే అన్నం అరగని మనిషి.

పట్టీ ఇంకా కదులుతోంది, ఏదో లైబ్రరీ దిగుతోంది, పనిముట్లన్నీ ఉమ్మడిగా వాడుకునే సరుకు, ఈ లైబ్రరీ దగ్గరే కదా ఆనాడు కొట్టుకు చచ్చాయి. బావగారి అనుమానం ఊరికే పుట్టింది కాదు. చాలా ఏళ్ళ కిందట తను ఇలాగే రెండో కాపీ పెట్టాడు, ఇంతకన్నా పాత కాలపు కాపీలు, అప్పట్లో రెండింటి గుండెకాయ ఫైలు పేరూ ఒకటే, జ్ఞాపకాల కొట్టూ ఒకటే, ఒకటి దాచుకున్నది రెండోది తనదే అనుకుని తీసుకునేది, ఒకటి పొయ్యి వెలిగిస్తే రెండోది అది తన పొయ్యే అనుకుని ఆర్పేసేది, తోడికోడళ్ళు నయం, వాళ్ళు కనీసం ఒకరినొకరు గుర్తుపడతారు. ఆ రోజు రెండూ పడుకున్నాయి, మిషన్ పడుకుంది, బావగారు ఒక్కడే మేలుకుని ఉన్నాడు. అప్పట్నుంచి రెండు కాపీలు అంటే చాలు ఆయన కాలు కాలిన పిల్లిలా, కాదు కాదు, కాలు కాలిన క్యాట్‌లా ఎగిరి దూకుతాడు. "అప్పటి పాతది వేరు బావగారూ, ఇప్పటి పాతది అప్పటి పాతదానికన్నా కొత్తది," అని తను చెప్తే, "అది చెప్పేవాడివి మాత్రం పాతవాడివేగా," అన్నాడు. కానీ నిజంగా అది వేరే, ఆ మహానుభావులెవరో కూర్చుని ఆలోచించారు, ఎక్కడో ఒకే కంప్యూటర్‌తో రెండు అవసరాలున్న ముక్కూ మొహం తెలియని తనలాంటివాడు ఒకడుంటాడని, వాడి భార్య నియమాలు ఒక ఇంట్లో, వాడి మిషన్ ఇంకో ఇంట్లో ఉంటాయని, కాబట్టి ప్రతి ఇల్లూ తన అడ్రసులోంచే ఒక గుర్తు తయారుచేసుకుని నుదుట పెట్టుకోవాలని, ఆ గుర్తు ఉన్నవాటితోనే మాట్లాడాలని, గుర్తు లేనివాటిని పక్కింటివాళ్ళలా చూడాలని. పక్కింటివాళ్ళతో పేచీ లేదు, పాలుపంపకం లేదు, ఎవరి జ్ఞాపకాలు వాళ్ళవి. డబ్బు తీసుకోకుండా చేశారు ఈ పని, పేరు కూడా ఎక్కడో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో. ఎదురైతే కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది చుక్కలాయనకి, పెడితే వాళ్ళు బహుశా నెక్స్ట్ అంటారు.

రెండు వేరుగా ఉండి కలిసి పనిచెయ్యడం అంటే, తను మొదటిసారి చూసింది కంప్యూటర్లో కాదు. ఈ ఆఫీసులోనే, ప్రూఫుల గదిలో, ఇంకా పెళ్ళి కాలేదు, తను టైపు మనిషిగా చేరిన కొత్త, ఎవరో పొమ్మంటే కాగితాల కట్ట పట్టుకుని వెళ్ళాడు, ఆవిడ బల్లమీద పేజీ పరుచుకుని చదువుతోంది. అందరిలాగే తనూ అనుకున్నాడు ఒక చేత్తో చదువుతారని. కుడిచెయ్యి వాక్యం చివరికి పరుగెత్తుతుంటే ఎడమచెయ్యి అప్పటికే కిందికి దిగి తర్వాతి వరస మొదలు పట్టుకుంది, కుడిచెయ్యి ఇంకా ఈ వరస ఆఖరి మాట ముగించకముందే ఎడమచెయ్యి ఆ వరస మొదటి మాట మొదలెట్టేసింది, మధ్యలో కలుసుకున్నాయి, ఎడమది అప్పగించింది, కుడిది అందుకుని వెళ్ళిపోయింది, ఒకదాని దారికి ఒకటి అడ్డం రాలేదు, ఒకటి చదివింది ఇంకోటి చెరపలేదు. తను కట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు, కళ్ళు రెండున్నా ఒక్క వరసే చదవగలిగే మనిషి. "కాగితాలు కింద పెడతారా, కాగితాలతో సహా నిలబడే ఉంటారా?" అంది ఆవిడ తల ఎత్తకుండా. "నిలబడ్డానని మీకెలా తెలుసు?" "కూర్చుంటే ఆ కుర్చీ కేక పెడుతుంది. రాలేదు." అదీ మొదటి సంభాషణ, పెళ్ళిచూపులు అంటే అవే, చూపులన్నీ తనవి, మార్కులన్నీ ఆవిడవి.

తర్వాత ఆవిడ వాళ్ళింట్లోనే చేరాడు, బావగారి ఇంట్లో, పై గదుల్లో, అదీ ఒకే కప్పు కింద రెండు కాపురాలే, ఎన్నాళ్ళయినా గోడలు పడలేదు. అప్పట్నుంచి మొదలైంది నియమాల పని. నియమం అంటే ఏముంది, ఏ అక్షరానికి ఏ చుక్కలు అన్నదేగా అని మొదట్లో అనుకున్నాడు, పట్టిక ఇచ్చేస్తే కంప్యూటర్ చూసి రాస్తుంది కదా అనుకున్నాడు, ఆవిడ నవ్వింది. క్ష అన్నది క కింద ష కాదు, దానికి తనదైన గడి ఉంది, జ్ఞ అన్నదీ అంతే, అంకెల ముందు అంకెల గుర్తు రావాలి, అంకె అయిపోయి అక్షరం మొదలైతే ఆ సంగతి వేలికి తెలియాలి, సైన్సు పుస్తకంలో బాణం గుర్తు వస్తే వేలు దేన్ని తాకాలి, పద్యం పాదం మధ్యలో విరిగితే ఎక్కడ విరగాలి, ఎక్కడ విరిగితే వేలు తడబడుతుంది, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు, ఆవిడ వేలి చివర ఉన్నాయి. బస్సులో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి తన మోచెయ్యి గిల్లి "రాసుకోండి" అంటుంది, చుట్టూ జనం తన మొహం చూస్తారు, ఏమో అప్పుల చిట్టా అనుకుంటారు కాబోలు, ఆవిడ చెప్పేది మాత్రం "సున్నా తర్వాత ఒత్తున్న అక్షరం వస్తే ఖాళీ వదలకూడదు" అని. వంటింట్లో, షాపులో, ఒకసారి డాక్టరు తన గుండె మీద స్టెతస్కోపు పెట్టినప్పుడు కూడా. డాక్టరు ఊపిరి పీల్చమంటే తను ఊపిరి పీల్చి నియమం రాసుకున్నాడు. అన్నింటినీ ఒక్క సూత్రం మీద నిలబెట్టింది ఆవిడే, పెద్దది ముందు చూడు, చిన్నది తర్వాత చూడు, జ కనబడగానే ఎగబడకు, అది జ్ఞ ఏమో ముందు చూడు. అలా పొడుగు కొద్దీ వరస పెట్టడానికి సార్ట్‌ని పెట్టాడు తను. కొత్త మిషన్‌తో వచ్చిన రెడీమేడ్ నియమాలు తెచ్చి చూపించారు ఆ మధ్య, చెడ్డవి కావు, లోకంలో అన్ని వేళ్ళకీ సరిపోయే చొక్కాలాంటివి, అంటే ఎవరికీ సరిపోనివి. ఆవిడ ఒక పేజీ చదివి, ఏమీ అనకుండా కాగితం పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు అలా ఊరికే ఒళ్ళో ఉండగా తను ఎప్పుడూ చూడలేదు. ఈ గంట గనక తప్పితే అవి ఇక అలాగే ఉండిపోతాయి. బావగారు ఉద్యోగం తీసెయ్యడు, చెల్లెలు కదా, కుర్చీ ఉంటుంది, ప్రూఫులు ఉంటాయి, కానీ తప్పు పట్టుకుంటే దిద్దడానికి నియమం ఆవిడది కాదు, ఎక్కడో ఎవరిదో, రాసుకోండి అని మోచెయ్యి గిల్లే పని ఉండదు. చుక్కలాయన మోచెయ్యి తడుముకున్నాడు.

ఫినిష్ అంది తెర. గొంగళిపురుగు సీతాకోకచిలక అవుతుందంటారు, ఇది రెండు చిహ్నాలయింది, పాతిల్లు కొత్తిల్లు, బల్లమీద పక్కపక్కన. కొత్తది తెరిచాడు, నల్ల కిటికీ, మెరిసే గీత, పలికింది. ఊపిరి బిగబట్టి పాతది కూడా తెరిచాడు, ఆనాడు ఇక్కడే కదా రెండూ కూలింది, ఇదీ పలికింది. ఇందులో ఒక మాట రాశాడు, అందులో ఒక మాట రాశాడు, రెండూ బతికే ఉన్నాయి, ఎవరింట్లో వాళ్ళు, ఒకదాని ఊసు ఒకదానికి లేకుండా. అబ్బ, ఎంత మర్యాదస్తులు. కొత్త మిషన్ ప్రోగ్రాంకి దొరికేలా కొత్తింటి గుమ్మాన్ని పనిముట్ల కోసం కంప్యూటర్ వెతుక్కునే దారుల జాబితాలో అన్నిటికన్నా ముందు పెట్టి, బడిపిల్లల సైన్సు పుస్తకం మొదటి పేజీ మీద భార్య నియమాలు నడిపించి, "గుద్దులమ్మా, కానివ్వు!" అని కేకేశాడు. ఈసారి దూదిలోంచి సరిగ్గానే వినబడింది, కొత్త మిషన్ దడదడలాడి, కాగితాన్ని అటూ ఇటూ గుద్ది, వెచ్చగా పడేసింది. ప్రూఫుల గదికి పట్టుకెళ్ళాడు, వెనకే బావగారు, వెనకే గుద్దులమ్మ.

రెండు చేతులూ పేజీ మీద వాలాయి. మొదటి మాట మీదే ఆగిపోయాయి. కుడిచెయ్యి వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఏమిటే?" అన్నాడు బావగారు.

"విజ్ఞానం విరిగింది," అంది ఆవిడ. "ఒక గడిలో కూర్చోవాల్సిన జ్ఞ మూడు గడులు ఆక్రమించుకుని పడుకుంది. కింద కక్ష్య కూడా అంతే, ముక్కలు ముక్కలు. పిల్లలు చదవలేరని కాదు. తడుముకుంటూ చదువుతారు."

బావగారు కిటికీ వైపు తిరిగాడు, చెప్పానా అనలేదు, అనకపోవడమే అన్నట్టుంది. "రెంటికీ కక్ష ఉందయ్యా," అన్నాడు చివరికి మెల్లగా. "ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. ఇంక పాతది తీసెయ్."

ఆవిడ చేతులు పేజీ మీంచి లేచాయి, ఒళ్ళోకి వెళ్తున్నాయి, చుక్కలాయన ఆ చేతుల్నే చూస్తున్నాడు, మనసు మాత్రం కంప్యూటర్లో ఉంది, రెండు ఇళ్ళూ బతికే ఉన్నాయి, తను చూశాడు, గొడవ పడితే కూలిపోవాలి గానీ జ్ఞ ఎందుకు విరుగుతుంది, మిగిలినవన్నీ బాగున్నాయి, అంకెలు బాగున్నాయి, ఒత్తులు బాగున్నాయి, విరిగినవి పొడుగువే, పొడుగువి ముందు చూడాలి, ముందు చూడలేదు, అంటే వరస తప్పింది, వరస పెట్టేది ఎవరు, సార్ట్, ఏ సార్ట్. ఏ సార్ట్! పాత ఇంట్లో ఒక సార్ట్ ఉంది, కొత్త ఇంట్లో ఇంకో సార్ట్ ఉంది, పేరు ఒకటే, తన ఆజ్ఞల దండలో ఏమని రాశాడు తను, సార్ట్ అని రాశాడు, ఇంటిపేరు లేదు, వీధి లేదు, గుమ్మం లేదు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు ఒట్టి పిలుపు. మొదటి గుమ్మం ఎవరిది. కొత్తిల్లు. తనే కదా ముందు పెట్టింది.

"ఒక్క నిమిషం, చేతులు మళ్ళీ పేజీ మీదే పెట్టి ఉంచు," అని భార్యతో అని పరుగెత్తాడు, తలుపుకి భుజం తగిలింది, కుర్చీ కేక పెట్టింది, పాత దండ తెరిచి ప్రతి పనిముట్టు పేరు ముందూ పాతింటి అడ్రసు పూర్తిగా రాశాడు, ఒక్కటీ వదలకుండా, సార్ట్‌కి, గ్రెప్‌కి, ఆ పిల్లికి కూడా. మళ్ళీ నడిపించాడు. మిషన్ మళ్ళీ దడదడలాడింది. రెండో కాగితం పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ చేతులు నిజంగానే పేజీ మీద అలాగే ఉన్నాయి, పాత పేజీ లాగి కొత్తది కిందికి తోశాడు.

కుడిచెయ్యి బయల్దేరింది. విజ్ఞానం దాటింది. ఆగలేదు. ఎడమచెయ్యి కిందికి దిగింది, తర్వాతి వరస పట్టుకుంది, కుడిదానికి అప్పగించింది, గ్రహాలు దాటింది, కక్ష్య దాటింది, పేజీ అడుగు దాకా వెళ్ళి, కాగితం తిప్పి వెనకవైపు కూడా మొదలెట్టింది, కొత్త మిషన్ గుద్దిన వెనకవైపు, ఆవిడ వేళ్ళు ఎప్పుడూ తాకని వైపు, ఆ వేళ్ళు పరుగెత్తుతుంటే గుద్దులమ్మ దూది రెండు చెవుల్లోంచీ తీసేసి, వినడానికేమీ లేకపోయినా వింటూ నిలబడింది.

"నవ్వుతున్నావేమిటే?" అన్నాడు బావగారు.

"ఇది నాదే," అంది ఆవిడ. "నా నియమమే. కానీ రెండు వైపులా ఉంది."

"మరి ఇందాకటిదేమిటయ్యా? అప్పుడు చెడ్డది ఇప్పుడెలా బాగుపడింది? మాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"చెప్తాను బావగారూ. గుద్దులమ్మా, నువ్వూ విను. వీధి గుమ్మంలో నిలబడి ఎవరైనా 'అక్కా' అని పిలిచారనుకో, ఎవరు పలుకుతారు?"

"నేనే," అంది గుద్దులమ్మ. "గుమ్మం పక్క గది నాదేగా."

"వాళ్ళకి కావలసింది ప్రూఫులక్క అయితే?"

"అయితేనేం, అక్కా అంటే పలకనా? నాకేం కలొచ్చిందా ఏ అక్కో?"

"పలికాక వాళ్ళు ప్రూఫు దిద్దమని నీ చేతిలో పెడితే?"

"చేతనైంది చేసి పంపిస్తాను. ఊరికే పంపిస్తే బాగుండదు కదా."

"అదే జరిగింది. రెండిళ్ళలోనూ సార్ట్ అనే మనిషి ఉన్నాడు, ఇద్దరి పేరూ ఒకటే, ఇద్దరూ మంచివాళ్ళే. మనింట్లో ఎవర్నీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు కదా, ఆ అలవాటే నాకు పనిలోనూ వచ్చింది, అడ్రసు లేకుండా ఒట్టి పిలుపు పిలిచాను. గుమ్మం దగ్గరున్న కొత్తవాడు పలికాడు. పొడుగు కొద్దీ పేర్చమని పాత పద్ధతిలో చెప్పిన మాట వాడికి తెలియదు, పాపం, మామూలుగా అక్షరాల వరసలో పేర్చి ఇచ్చేశాడు. జ ముందొచ్చింది, జ్ఞ వెనక్కి పోయింది. లోపలి గదిలో పాతవాడు పని లేక కూర్చునే ఉన్నాడు, వాణ్ణి ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఇంటి అడ్రసుతో సహా పిలిచాను, వచ్చాడు."

బావగారు ఒక వేలు మడిచాడు. "అంటే కొత్తది పాతదాన్ని చెడగొట్టలేదు."

"తాకనైనా తాకలేదు."

"పాతదాంట్లో లోపమూ లేదు."

"దాన్ని అడిగితే కదా."

"మరి తీసెయ్యాల్సింది?"

"ఏమీ లేదు బావగారూ. ఉంచాల్సినవి రెండు."

గుద్దులమ్మ "అయితే నేను పోయి గుద్దుకుంటాను, బళ్ళో పిల్లలు కూర్చున్నారక్కడ" అని వెళ్ళిపోయింది, కాసేపటికి గోడ అవతల మిషన్ దడదడ మొదలైంది, రెండు వైపులా, ఆగకుండా. చుక్కలాయన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. బావగారు ఆఫీసు గదిలోకి వెళ్ళి పుస్తకం తిరగేశాడు, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఆగాడు, నోరు తెరిచాడు కేకెయ్యడానికి, మూసుకున్నాడు. లేచి, వసారా దాటి, ప్రూఫుల గది దాకా నడిచివెళ్ళి, చెల్లెలి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాడు.

"నాలుగో పాఠంలో కొత్త గుర్తొకటి వచ్చిందే. రెండు బాణాలు, ఒకటి అటూ ఒకటి ఇటూ. దీనికి నియమం ఏమిటో చెప్పు, రాసుకుంటాను."